కవరు కింద తుప్పు

మా అత్తయ్య నాతో మాటలు మానేసి ఇవాళ్టికి పదకొండు రోజులు. గొడవ ఒక స్క్రూడ్రైవరుతో మొదలైంది.

విశాఖ పెదవాల్తేరులో, రాత్రిపూట సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది వాళ్ల ఇల్లు. ఆ ఇంటి పక్క వసారాలో మావయ్య స్టాండర్డ్ హెరాల్డ్ కారు తొమ్మిదేళ్లుగా వెండిరంగు కవరు కప్పుకుని ఉంది. మావయ్య పోయాక దాన్ని ఎవరూ నడపలేదు. అత్తయ్య ప్రతి శుక్రవారం కవరు మీద దుమ్ము దులుపుతుంది. దసరా రోజు బానెట్ వరకు కవరు ఎత్తి బొట్టు పెట్టి, మళ్లీ దించేస్తుంది.

మొన్నామధ్య నేను కవరు పూర్తిగా ఎత్తేశాను. డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు చాప తీసి, నేలరేకు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించాను. పొడవలేదు, ఆనించానంతే. మొన అప్పడంలోకి దిగినట్టు దిగి, కింద గచ్చుకు తగిలి టంగుమంది. రేకు అంచుల నుంచి ఎర్రటి పొడి రాలింది.

"తొమ్మిదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు, బాగానే ఉంది. నువ్వు ముట్టుకున్నావు, పోయింది" అంది అత్తయ్య.

ఎవరూ ముట్టుకోకపోబట్టే పోయిందంటాను నేను. రెండేళ్ల కిందట అమెరికాలో ఎడారి కొండల మీద, అర్ధశతాబ్దం దాటిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో నాలుగు రోజులు తిరిగి వచ్చినదాన్ని. ఆ కారు ఎండలో, ఎత్తులో, తొమ్మిది శాతం వాలులో నలిగింది, మొరాయించింది, ఆవిరి కక్కింది. అయినా ఇవాళ తాళం తిప్పితే కదులుతుంది. చల్లని నీడలో ఏ కష్టమూ ఎరగకుండా పడుకున్న మావయ్య కారుకే అడుగు ఊడింది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే, జాగ్రత్త అనే మాటకు మా ఇంట్లో తలకిందుల అర్థం చెప్పుకుంటున్నామనిపించింది.

ఆ ఎడారి కారు మావయ్య కూతురిది. నాకు వదిన అవుతుంది, దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటుంది. ఆమె దగ్గరున్నది 1967 నాటి ఎంజీబీ. ఇంగ్లండులో 1962 నుంచి 1980 వరకు తయారైన మోడల్. గుడ్డ పైకప్పు, 1798 సీసీ ఇంజను, దానికి గాలీ పెట్రోలూ కలిపి పంపే రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, 95 హార్స్‌పవర్. స్పోర్ట్స్ కారు అనగానే కళ్లు పెద్దవి చేసేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. ఇవాళ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగే మామూలు కుటుంబపు కార్లలో చాలావాటితో ఇది పందెం వేస్తే ఓడిపోతుంది. దాని గొప్పతనం వేగంలో లేదు. సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. స్టీరింగ్ పట్టుకుంటే ముందు చక్రం కింద గులకరాయి అరచేతికి తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగానికే మనిషికి ఒళ్లంతా మెలకువ వస్తుంది. కొండదారిలో అంతకుమించిన వేగం ఎవరికి కావాలి?

మేం వెళ్లింది డెత్ వ్యాలీకి. అక్కడ ఎడారి ఎందుకు ఏర్పడిందో తెలుసుకుంటే అరకు దారిలో మన అనంతగిరి పచ్చగా ఎందుకు ఉందో కూడా అర్థమవుతుంది. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు సియెర్రా నెవాడా పర్వతాలు ఎక్కేటప్పుడే తడి దింపేసుకుంటాయి. మిగిలిన కాస్తా పానమింట్ కొండల వరుస పిండేస్తుంది. లోయలోకి దిగేసరికి ఆ గాలిలో పిండడానికి ఏమీ ఉండదు. ఏడాదికి సగటున 5 సెంటీమీటర్ల చిల్లర వాన. మనకు ఒక్క వాయుగుండం వస్తే ఒక్క పూటలో అంతకంటే ఎక్కువ కురుస్తుంది. మన బంగాళాఖాతపు తడిగాలి నేరుగా తూర్పు కనుమలను ఢీకొంటుంది కాబట్టే అనంతగిరిలో కాఫీ పండుతోంది. వాళ్లకు కొండకు అవతలి పక్క దక్కింది, మనకు ఇవతలి పక్క.

ఆ లోయలో ఫర్నేస్ క్రీక్ అనే చోట 1913 జూలై 10న 56.7 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ రికార్డు ఇప్పటికీ దానిదే. మేం వెళ్లింది మార్చిలో, మధ్యాహ్నానికి మన జనవరి ఎండలా ఉంది. వేసవిలో పాత కారుతో అక్కడికి వెళ్లడాన్ని నేను సాహసం అనను, వేరే మాట ఉంది. మార్చిలోనైనా మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మాకూ, విడిగా 20 లీటర్లు కారుకూ నీళ్లు పెట్టుకున్నాం. ఫ్యాను బెల్టు, రేడియేటర్ హోసు పైపులు, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, ఇన్సులేషన్ టేపు, కట్టుతీగ. ఆ కారు డిక్కీ చిన్నది, మా బట్టలు ఒళ్లో పెట్టుకున్నాం.

పశ్చిమం నుంచి వెళ్తే టౌన్ పాస్ అనే కనుమ దాటాలి. 4,956 అడుగులు. కింద పానమింట్ లోయ నుంచి రోడ్డు బాణంలా తిన్నగా పైకి పోతుంది. మన ఘాట్ రోడ్డులా మలుపులుంటే ఇంజను కాస్త ఊపిరి తీసుకుంటుంది. ఇక్కడ ఆ వీలు లేదు, మైళ్ల తరబడి ఒకటే ఎత్తు. ఏసీ ఆపెయ్యమని ఒక బోర్డు కనిపించింది. మాకు ఏసీ ఎక్కడిది! ఇద్దరం నవ్వుకున్నాం. రోడ్డు పక్కన రేడియేటర్ల కోసమని ట్యాంకుల్లో నీళ్లు పెట్టే చోటు అది. అంటే ఇక్కడ వేడెక్కి ఆగిపోయినవాళ్లలో మేం మొదటివాళ్లం కాబోమన్నమాట.

మూడో వంతు ఎక్కామో లేదో వేడిముల్లు జరగడం మొదలైంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపల ఒత్తిడి నిలిపి ఆ లోటు పూడుస్తుంది. ఆ మూత వాషరు అరిగితే మాత్రం కథ కంచికే. వదిన గేరు తగ్గించింది, వేగం తగ్గించింది. ముల్లు తగ్గలేదు. అప్పుడు హీటరు మీట లాగింది.

ఎడారిలో హీటరు! ఇది పాత డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కాయే. హీటరు లోపల ఉండేది ఇంకో చిన్న రేడియేటరు. ఇంజను వేడి నీళ్లు దానిలోకీ తిరిగితే ఆ వేడి కొంత కారులోకి వచ్చేస్తుంది. ఇంజను బతుకుతుంది, మన కాళ్లు ఉడుకుతాయి. నేను చెప్పులు విప్పి కాళ్లు సీటు మీదకు ముడుచుకున్నాను. డ్రైవ్ చేస్తున్న వదినకు ఆ అదృష్టం లేదు. కనుమ దాటేదాకా పళ్లు బిగించి కూర్చుంది. ముల్లు మాత్రం మెల్లగా వెనక్కి వచ్చింది. కొత్త కారులో అయితే ఏ కంప్యూటరో ఏదో చేసేసేది, మేం పాటలు వింటూ కూర్చునేవాళ్లం. కొండ ఎంత నిట్రంగా ఉందో మా అరికాళ్లకు తెలిసేది కాదు.

మర్నాడు బ్యాడ్‌వాటర్‌కు దిగాం. సముద్రమట్టానికి 282 అడుగుల కింద, కనుచూపు మేర ఉప్పు. భీమిలి దగ్గర ఉప్పుమళ్లు చూసిన కళ్లకు కూడా అది ఉప్పులా కాక మంచులా కనిపించింది. కారు దాని పక్కనే గంటసేపు నిలబెట్టాం. నాకు మన బీచి రోడ్డు గుర్తొచ్చి మనసు పీకింది. "వదినా, ఇంత ఉప్పు దగ్గర పెట్టావు, తుప్పు పట్టదూ?" అన్నాను.

"ఉప్పు ఒక్కటీ ఏం చేస్తుందే? దానికి నీళ్లు తోడు కావాలి. ఆ జంట మన ఊళ్లో ఉంటుంది" అంది.

ఆ మాట నాతో విమానం ఎక్కి విశాఖ వచ్చేసింది. ఇనుము తుప్పు పట్టాలంటే ప్రాణవాయువు, నీరు రెండూ కావాలి. ఉప్పు ఆ పనిని వేగిరం చేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే రేకు మీద కంటికి కనపడని నీటిపొర నిలబడుతుంది, ఆ పొరలో ఉప్పు కరిగితే ఇక ఆగేది లేదు. విశాఖలో తేమ అంతకు దిగే రోజులే అరుదు. అందుకే అమెరికాలో పాత కార్ల మీద మోజున్నవాళ్లు ఎడారి ఊళ్లలో పడి ఉన్న కార్ల కోసం వెతుకుతారు. వదిన కారు కూడా అలాంటి ఎడారి ఊరి నుంచి కొన్నదే. రేకు మీద అయస్కాంతం ఎక్కడ పెట్టినా టక్కున అతుక్కుంటుంది, అంటే తుప్పు తిన్న చోట పూసే పుట్టీ ఎక్కడా లేదు. కానీ డాష్‌బోర్డు ఎండిన చెరువు నేలలా పగిలి ఉంది. తలుపు రబ్బర్లు గిల్లితే పొడి అవుతాయి. ఎడారి రబ్బరును తింటుంది, ఇనుమును వదిలేస్తుంది. మన ఊరు అందుకు పూర్తిగా ఎదురు. మావయ్య కారు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఇంకా మెత్తగా వంగుతోంది, కింద నేలరేకే లేదు. రబ్బరు గంటకో గంటన్నరకో మార్చుకోవచ్చు. రేకు పోతే టింకరింగ్ మేస్త్రీల చుట్టూ నెలలు తిరగాలి.

ఇక్కడ ఒక పక్కదారి. విశాఖకు ఎడారి లేదనుకుంటాం గానీ, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ గండ్ల మధ్య నిలబడితే డెత్ వ్యాలీలో ఒక మూల అని నమ్మించవచ్చు. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ ఇసుక అంత ఎర్రగా ఉండటానికి కారణం దానిలోని ఇనుము ఆక్సీకరణం చెందడం. వాడుక భాషలో చెప్పాలంటే అది కూడా తుప్పే. ఈ ఊరు వేల ఏళ్లుగా ఆ పనిలో చెయ్యి తిరిగినది. దాని ముందు మా అత్తయ్య కవరు ఏపాటి?

ఆ కవరు సంగతే చెప్పాలి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కవరు వాన నీటిని ఆపుతుంది, నిజమే. నేల నుంచి లేచే చెమ్మను కూడా బయటికి పోనివ్వదు. రాత్రి చల్లబడగానే ఆ చెమ్మ రేకుకు పట్టి, పొద్దున ఎండకు ఉడికి, మళ్లీ రాత్రికి పడుతుంది. మనం కారును కాపాడుతున్నామనుకుంటూ ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేస్తున్నాం. మావయ్యకు ఇది తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వసారా మీది రేకులు ఎగిరిపోయాయి. కారు మీద గీత పడలేదు గానీ, సముద్రపు నీటి తుంపర రాత్రంతా దాన్ని తడిపింది. ఊళ్లో కరెంటు లేదు, తాగడానికే నీళ్ల కరవు. ఆయన బావిలోంచి చేదతో తోడి మూడు రోజులు ఆ కారు అడుగు కడిగాడు. అత్తయ్య అప్పుడు కూడా కోప్పడింది. నాలుగో రోజు కారు బయటికి తీసి భీమిలి దాకా నడిపి ఆరబెట్టుకొచ్చాడు. కారు ఆరాలంటే గాలికి తిరగాలనేవాడు.

రేకు ఒక్కటే అయితే సరేననుకోవచ్చు. నిలబెట్టిన కారులో కళ్లకు కనపడకుండా చెడేవి ఇంకా ప్రమాదం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాని స్వభావం అంత. డాట్ 3 రకం ఆయిలు కొత్తది 205 డిగ్రీలకు గానీ మరగకూడదు. 3.7 శాతం నీరు చేరేసరికి ఆ హద్దు 140కి దిగవచ్చు. ఇక అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతున్నామనుకోండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వెనక లారీ హారను, ముందు మలుపు. బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టీ డ్రమ్ములు కాగుతాయి, ఆయిలు మరుగుతుంది, గొట్టంలో ఆవిరి బుడగ చేరుతుంది. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. కాలు నేలదాకా దిగుతుంది, కారు ఆగదు. ఘాట్ రోడ్డు ప్రమాదం అంటాం. ఆ ప్రమాదం వసారాలో, కవరు కింద, ఏళ్ల తరబడి చుక్క చుక్కగా తయారైంది. ఏటేటా ఘాట్ ఎక్కే కారుకు ఆయిలు మార్చాలని మనిషికి భయముంటుంది. కదలని కారుకు ఎవరు మారుస్తారు?

పెట్రోలు కథ కూడా ఇలాంటిదే. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. తేమ ఎక్కువున్న ఊళ్లో, సగం ఖాళీ ట్యాంకులో, నెలల తరబడి నిలవుంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి, ఇనుప ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఆ కాలపు రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు ఉబ్బి చీలుతాయి. గొట్టాలు, గాస్కెట్లు మార్చుకోవాలి, దానికి వేరే మార్గం లేదు. అదే పెట్రోలు వారానికోసారి తిరిగే కారులో అయితే నిలవుండే సమయమే దొరకదు. వీటికి తోడు ఎలుకలు. ఎలుకల గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది.

కొండ కారును పాడు చేయదా అంటే, చేస్తుంది. డాంటేస్ వ్యూ దగ్గర మాకు జరిగింది చెప్తాను. బ్యాడ్‌వాటర్ లోయ అంచున, 5,475 అడుగుల ఎత్తున ఉందది. చివర పావు మైలు నిట్రంగా ఎక్కుతుంది. పైనుంచి చూస్తే కాళ్ల కింద తెల్లని ఉప్పు, ఎదురుగా టెలిస్కోప్ శిఖరం మీద మంచు. పావుగంట ఫొటోలు తీసుకుని వచ్చి తాళం తిప్పితే ఇంజను అందుకోలేదు. పెట్రోలు పంపు మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఎస్‌యూ పంపు కరెంటుతో పనిచేస్తుంది. మామూలుగా నాలుగు దెబ్బలు టిక్కుమని ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే దాని నోట్లోకి పెట్రోలు కాక ఆవిరి వస్తోందని అర్థం. ఆ ఇంజనులో కార్బొరేటర్లు, సైలెన్సరుకు పోయే గొట్టం ఒకే పక్కన ఉంటాయి. పరుగెత్తేటప్పుడు గాలి తగులుతుంది. ఆగాకే అసలు వేడి పైకి లేస్తుంది, పెట్రోలు అక్కడికక్కడే మరుగుతుంది.

పక్కన కొత్త పెద్ద కారులో వచ్చిన ఒక కుర్రాడు సాయం చేస్తానని ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. అతని ముఖంలో కంగారు, మా ముఖాల్లో లేదు. వదిన నా వైపు చూసింది, నేను వదిన వైపు చూశాను. ఇద్దరికీ ఒకే దృశ్యం గుర్తొచ్చిందని చెప్పుకోనక్కర్లేదు. నా మెడలో నూలు చున్నీ తీసి, నీళ్లలో ముంచి పిండి, పెట్రోలు గొట్టానికీ కార్బొరేటర్ గిన్నెలకూ చుట్టాం. బానెట్ ఎత్తి పెట్టి కూర్చున్నాం. చున్నీ నుంచి సన్నగా ఆవిరి లేచింది. ఎడారి గాలి ఎంత పొడిగా ఉందంటే పది నిమిషాల్లో చున్నీ ఆరిపోయింది, మళ్లీ తడిపాం. అరగంటకు పంపు నాలుగు టిక్కులు కొట్టి ఆగింది. వదిన తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

ఆ దృశ్యం అనంతగిరి ఘాట్‌లోది. ఎనభైల్లో మావయ్య మమ్మల్ని ఏటా సంక్రాంతి తర్వాత అరకు తీసుకెళ్లేవాడు. టైడా దాటాక ఎక్కడో ఒక చోట హెరాల్డ్ తప్పకుండా ఆగేది. మావయ్య తువ్వాలు గెడ్డ నీళ్లలో ముంచి పెట్రోలు పంపుకు చుట్టేవాడు. అత్తయ్య పులిహోర పొట్లాలు విప్పేది. కారు వెనక చక్రానికి రాయి పెట్టే ఉద్యోగం నాది, తీసే ఉద్యోగం వదినది. ఆయన క్లచ్ వదులుతూ "తీయ్" అనగానే తీయాలి, ఒక్క క్షణం ముందు తీసినా కారు వెనక్కి జారుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద బాధ్యత ఇంకెవరూ ఇవ్వలేదు. అంబాసిడర్, ఫియట్ నడిపిన ఆనాటి డ్రైవర్లందరికీ ఈ తడిగుడ్డ విద్య తెలుసు. వాళ్ల చేతుల నుంచి అది మాకు వచ్చింది. మాకు రావడానికి కారణం కారు చెడటం. చెడకపోతే నేర్చుకునేవాళ్లమా?

కాబట్టి కొండమీద చెడేవి వేరు, వసారాలో చెడేవి వేరు. కొండమీద చెడినవి చప్పుడు చేసి, పొగ కక్కి, ముల్లు ఊపి చెప్తాయి. అక్కడికక్కడ తడిగుడ్డతోనో తీగముక్కతోనో బాగవుతాయి. వసారాలో చెడేవి నోరు విప్పవు.

హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కారు అంటే కార్ల మీద మోజున్నవాళ్లు నన్ను కొడతారు. 948 సీసీ, 35 హార్స్‌పవర్ అటూ ఇటూ, మద్రాసులో 1961 నుంచి తయారైన మధ్యతరగతి కారు. కానీ దాని వంశం చూడండి. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు రూపం ఇచ్చినవాడు ఇటలీకి చెందిన జియోవాని మికెలోత్తి. ఆయనే 1962లో అదే ఛాసిస్‌ను కాస్త కురచ చేసి రెండు సీట్ల స్పిట్‌ఫైర్ గీశాడు. ఆ స్పిట్‌ఫైర్ 1965లో లెమాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో మొదట నిలిచింది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకోవడం, 25 అడుగుల వృత్తంలో గిర్రున తిరగడం, తిప్పగానే తిరిగే స్టీరింగు, ఇవన్నీ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. ఒక దుర్గుణం కూడా ఉమ్మడే. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని, కారు తోక ఆడిస్తుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి, మలుపులో కాలు నిలకడగా ఉంచాలి. ఇది పుస్తకంలో చదివితే అబ్బదు, ఘాట్ రోడ్డులో అబ్బుతుంది.

నా వాదనకు ఎదురు వాదనలు లేకపోలేదు. పొగ ఉంది. ఆ కాలపు ఇంజన్లకు పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ లేదు, కిలోమీటరుకు లెక్కేస్తే కొత్త కారు కంటే ఎన్నో రెట్లు మురికి. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లే కదా అనడం సమాధానం కాదు, సర్దుబాటు. ఆ తప్పు నాకు తెలుసు, దాన్ని ఒప్పుకునే నడుపుతాను. భద్రత విషయం ఇంకా కష్టం. ఎయిర్‌బ్యాగు లేదు, వెనక బెల్టు లేదు. పిల్లల్ని ఎక్కించను. ఎనభైల్లో మమ్మల్ని ఎక్కించారుగా అంటే, అప్పటివాళ్లకు తెలియదు, నాకు తెలుసు.

చట్టం కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయకుండా అసలు రూపంలో ఉన్నవాటికి నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు. అలా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికి బయటికి తీయవచ్చు, రోజువారీ పనులకు వాడకూడదు. పాత బండ్లు తుక్కుకు పోకుండా ఇది ఒక గొడుగు పట్టింది, సంతోషం. అయినా ఆ జాబితా చదువుతుంటే పెళ్లి చూపుల్లో కూర్చోబెట్టిన పిల్లకు పెట్టే ఆంక్షలు గుర్తొస్తాయి. వయసైన కారుకు ప్రదర్శన కంటే నడక ముఖ్యమని ఆ నియమాలు రాసినవాళ్లకు ఎవరైనా ఒకసారి ఘాట్ ఎక్కించి చూపిస్తే బాగుండును.

ధర పెరిగినకొద్దీ ఈ జబ్బు ముదురుతుంది. 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే ఒకటి 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. పందెం కారు వంశంలో పుట్టిన ఆ కారును ఇక ఎవడు నిశ్చింతగా కొండ ఎక్కిస్తాడు? ఎక్కించడు. అక్కడికి అది కారు కాదు, తాళం వేసిన డబ్బు. మా హెరాల్డ్‌కు ఆ బాధ లేదు, దాన్ని కొనడానికి ఎవరూ రారు.

అలాగని నా వాదనను అందనంత దూరం సాగదీయను. వదినకు ఒక కోరిక ఉంది, హెరాల్డ్ బాగయ్యాక లద్దాఖ్ తీసుకెళ్లాలని. అది కూడా ఎడారే, చల్లని ఎడారి. కానీ ఖార్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంజను శక్తి కూడా దాదాపు అంతకే పడిపోతుంది. మన 35 గుర్రాల్లో పద్దెనిమిదో పంతొమ్మిదో మిగులుతాయి, మిగతావి దారిలో గడ్డి మేస్తూ ఆగిపోతాయి. కార్బొరేటర్ సముద్రతీరపు లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తూ ఉంటుంది, చాలినంత గాలి లేక ఇంజను నల్లపొగ దగ్గుతుంది. అది కారును నడపడం కాదు, తొయ్యడం. అనంతగిరి చాలు. వెయ్యి మీటర్ల ఎత్తుకు పదో వంతు శక్తి పోతుంది, మూడున్నర గుర్రాలు. మావయ్య వాటిని ఇంటి దగ్గరే వదిలి వచ్చానని చెప్పేవాడు.

అత్తయ్య బాధ నాకు అర్థం కాదనుకోకండి. ఆమెకు అది కారు కాదు. స్టీరింగ్ మీద ఎడమ వైపు నలుపు అరిగి బూడిదరంగు తేలిన చోటు ఉంది, మావయ్య అరచెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేది. ఆమె ఆ చోటును చూస్తుంది. కారు వసారా దాటితే ఆ అరుగుదల మీద ఇంకెవరి చెయ్యో పడుతుందని భయం. నా స్క్రూడ్రైవరు దిగింది కూడా ఆ భయంలోకే. కానీ అరిగింది నడపడం వల్ల కదా! కప్పి ఉంచితే ఆ స్టీరింగు తళతళలాడుతూ ఉండేది, ఆమె చూసుకోవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. ఈ మాట ఆమెతో అన్నాను. అప్పుడే మాటలు మానేసింది.

వదిన కాలిఫోర్నియా నుంచి ఫోను చేసి వాళ్లమ్మతో రెండు గంటలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. మర్నాడు ఉదయం అత్తయ్య తాళాల గుత్తి గుమ్మం మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కారును లారీ మీదకు ఎక్కించి కంచరపాలెంలో ఒక మేస్త్రీ గారి షెడ్డుకు చేర్చాం. ఆయన మొదట అయస్కాంతం తీసి కారు చుట్టూ తిరిగాడు. ఎక్కడెక్కడ అది జారి పడిందో అక్కడల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. ఎడమ వైపు ఆరు సున్నాలు, కుడి వైపు తొమ్మిది. ఛాసిస్ మీద సుత్తితో తట్టి చెవి పెట్టి విన్నాడు.

"ఎముక గట్టిగానే ఉందమ్మా, చర్మమే పోయింది. నేలరేకులు కొత్తవి కొట్టాలి. ట్యాంకు విప్పాలి. బ్రేకు సిలిండర్లు నాలుగూ పట్టేశాయి. చలికాలానికి కొండ ఎక్కుతుంది" అన్నాడు.

డిక్కీలో స్టెప్నీ కింద ఒక రాయి దొరికింది. నున్నగా, ఒక పక్క చదునుగా, పెట్టడానికీ తీయడానికీ వీలుగా తాడు కట్టి ఉంది. ఎత్తి చూస్తే అనుకున్నంత బరువు లేదు. నా చేతులే పెద్దవయ్యాయి కాబోలు.

నిన్న సాయంత్రం మేస్త్రీ గారు ఫోను చేశాడు. "అత్తగారు ఫోన్ చేశారమ్మా. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. కారు గురించి ఏమీ అడగలేదు. కవరు ఎక్కడ పెట్టారు, మడత పెట్టి పంపండి అంటున్నారు."

"పంపండి మరి" అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. మొన్నటి వానకు షెడ్డు రేకులు కారుతుంటే, ఆ కవరును నాలుగు ముక్కలు చేసి పైన కట్టేశారట.